గడుగ్గాయి కూతురితో పొద్దుటి నుంచి పడుకునేదాకా

మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు ఆడపిల్ల ఉన్న ఇళ్ల కోసం ఇది రాస్తున్నాను. అందులోనూ ఒక రకం పిల్ల. కూర్చున్న చోట కూర్చోదు. వద్దన్న పనే ముందు చేస్తుంది. సంతోషమొస్తే ఇల్లంతా గంతులు, కోపమొస్తే వీధి చివరి దాకా వినిపించే ఏడుపు. మా కర్నూల్లో ఇలాంటి పిల్లను చూసి ముసలివాళ్లు "మగపిల్లోడు పుట్టబోయి ఇది పుట్టింది" అంటారు. మురిపెంగా అన్నా నాకా మాట నచ్చదు. అన్న చేస్తే చలాకీతనం, అదే పని చెల్లెలు చేస్తే పొగరు అనే లెక్క అక్కడే మొదలవుతుంది.

ఇది పెంపకం లోపం కాదని ముందే మనసుకు చెప్పుకోండి. 1956లో న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే డాక్టర్ దంపతులు పసికందుల నుంచి మొదలుపెట్టి పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. ఒంటి చురుకు, ఆకలి నిద్రల వేళలు, కొత్తవాళ్లను చూస్తే తీరు, నవ్వు ఏడుపుల జోరు లాంటి తొమ్మిది గుణాల్లో పిల్లలు పసితనం నుంచే ఒక్కొక్కరు ఒక్కోలా ఉంటారని తేల్చారు. వాళ్లు చూసిన పిల్లల్లో దాదాపు పదిమందికి ఒకరు 'కష్టమైన' కోవలోకి వచ్చారు. అంతకంటే పనికొచ్చే మాట ఇంకోటి చెప్పారు. పిల్ల ఎలా ఎదుగుతుందన్నది దాని గుణం ఒక్కటే నిర్ణయించదు, ఆ గుణానికీ ఇంటి తీరుకూ ఎంత పొంతన కుదిరిందన్నది నిర్ణయిస్తుంది.

పొంతన కుదుర్చుకోవాలంటే పిల్లను మార్చే పని పక్కన పెట్టి, రోజును మార్చాలి. రోజంతా గొడవే అనిపిస్తుంది గానీ, చూస్తే గొడవ పుట్టే చోట్లు నాలుగైదే ఉంటాయి. దాదాపు అన్నీ ఒక పని ఆపి ఇంకో పనికి మారే వేళలే.

1. ముందు ఆ చోట్లు కనిపెట్టండి

కిరాణా కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండర్ పాత కాగితం ఒకటి తీసుకోండి. వెనకవైపు ఒక మూడు నాలుగు రోజులు రాయండి: ఎన్ని గంటలకు ఏడ్చింది, అంతకు ముందు ఏం చేస్తోంది, చివరిసారి ఎప్పుడు తిన్నది, ముందురోజు రాత్రి ఎప్పుడు పడుకున్నది. ఎందుకు ఏడ్చిందో రాయొద్దు. మనం రాసే కారణం ఎప్పుడూ "మొండి" అనే ఉంటుంది, దాంతో పని జరగదు.

రాసింది చూస్తే వరస దొరుకుతుంది. చాలా ఇళ్లల్లో అది పొద్దున జడ దగ్గర, సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన గంటలో, రాత్రి ఫోన్ లాక్కున్నప్పుడు ఉంటుంది. మీ ఇంట్లో ఇంకోచోట ఉండొచ్చు. అన్నీ ఒకేసారి సర్దబోతే మనకే ఊపిరాడదు. ఎక్కువసార్లు కనబడ్డ ఒక్కదాన్ని పట్టుకోండి, అది దారికొచ్చాకే రెండోది.

2. 'వద్దు'లు తగ్గించండి

ఒక్క పూట మీ నోట ఎన్ని 'వద్దు'లు వస్తున్నాయో మీరే చెవి పెట్టి వినండి. వాటిని మూడు కుప్పలు చేయండి.

మొదటిది ప్రాణం మీదికొచ్చేవి: మిద్దె మీద పిట్టగోడ ఎక్కడం, పొయ్యి దగ్గర ఆట, రోడ్డు మీదికి పరుగు, మూత లేని సంపు. ఇక్కడ మాట ఒక్కటే, బేరం లేదు. అయినా మాట మీదే ఆధారపడొద్దు. సంపుకు బరువైన మూత, మిద్దె తలుపుకు చెయ్యందని ఎత్తులో గడియ పెట్టిస్తే రోజుకు పది అరుపులు తగ్గుతాయి. రెండోది ఇంకొకరికి నొప్పి కలిగించేవి: కొట్టడం, కొరకడం, రాయి విసరడం. ఇవీ ఒప్పుకోకూడదు. మూడోది మిగతావన్నీ. గౌను తిరగేసి వేసుకోవడం, మంచం మీద ఎగరడం, గట్టిగా పాడటం, మట్టిలో కూర్చోవడం, "ఆడపిల్ల కాళ్లు చాపి కూర్చోవచ్చునా" రకం. ఈ మూడో కుప్పలో ముప్పాతిక భాగం వదిలేయండి. చుట్టాలు వచ్చినప్పుడు కూడా వదిలేయండి, అసలు పరీక్ష అప్పుడే.

మిగిలిన వాటిని చెప్పే తీరు మార్చాలి. "పరిగెత్తొద్దు" అంటే మూడేళ్ల పిల్ల చెవికి 'పరుగు' ఒక్కటే ఎక్కుతుంది. "నా చెయ్యి పట్టుకో" అంటే చేయాల్సిన పని దొరుకుతుంది. "అరవొద్దు" కంటే "గుసగుసగా చెప్పు, నా చెవిలో" అన్నది బాగా పనిచేస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లుంటే అసలు చిక్కు వేరు. అమ్మ వద్దన్నది జేజి ఇస్తుంది, నాన్న తిడితే తాత వెనకేసుకొస్తాడు. దీనికి అత్తగారితో గొడవపడితే ఇంకో గొడవ మిగులుతుంది తప్ప బిస్కెట్లు ఆగవు. పాప లేనప్పుడు, ఆమె తీరిగ్గా ఉన్నప్పుడు, ఒకే ఒక్క విషయం అడగండి. మా ఇంట్లో నేను అన్న మాట ఇదీ: "అత్తమ్మా, బువ్వ తినకముందు బిస్కెట్ అడిగితే 'మీ అమ్మనడుగు పో' అని నా మీదికి తోసేయండి. చెడ్డదాన్ని నేనవుతా." ఆమె నవ్వి ఒప్పుకుంది. మనవరాలి దగ్గర చెడ్డపేరు తెచ్చుకోవాలని ఏ జేజికీ ఉండదు కదా. ఆ ఒక్కటి నిలబడితే చాలు, మిగతా గారాబం ఆమె హక్కు.

3. పొద్దున: లేపడం, జడ, ఆటో

పొద్దుటి పని సగం రాత్రే అయిపోవాలి. యూనిఫాం, సాక్సులు, బ్యాగు, నీళ్ల సీసా ఒకే చోట, పాపకు అందే ఎత్తులో పెట్టండి. తన చేత్తోనే పెట్టించండి. లేపడం ఆటో వచ్చే టైముకు గంటన్నర ముందే. ఇలాంటి పిల్ల లేచిన వెంటనే పనిలోకి దిగదు. ఒక పావుగంట ఊరికే ఒళ్లో కూర్చోనివ్వాలి. హడావుడిగా ఉందని ఆ పావుగంట కోసేస్తే, అరగంట ఏడుపు రూపంలో వడ్డీతో కట్టాల్సి వస్తుంది.

ఇక జడ. ఆడపిల్ల ఇంట్లో పొద్దున పూట సగం యుద్ధం దువ్వెన దగ్గరే జరుగుతుంది, అందుకే వివరంగా చెప్తాను.

రాత్రి పడుకునే ముందు కొంచెం కొబ్బరినూనె రాసి, వెడల్పు పళ్ల దువ్వెనతో చిక్కు తీసి వదులుగా ఒక జడ వేయండి. జుట్టు విరబోసుకుని పడుకుంటేనే పొద్దునకు ఉండలు కడుతుంది. చిక్కు తీసేటప్పుడు పైనుంచి కిందికి లాగకూడదు. ఒక చేత్తో కుదుళ్లకు దగ్గరగా జుట్టు గట్టిగా పట్టుకోండి, అప్పుడు లాగిన నొప్పి తల మీదికి పోదు. రెండో చేత్తో కొసల దగ్గర మొదలుపెట్టి, అక్కడ చిక్కు పోయాక కొంచెం పైకి, మళ్లీ కొంచెం పైకి రావాలి. కొంతమంది పిల్లలకు తల మీద చెయ్యి పడితేనే చిరాకు. వాళ్లది నటన కాదు, ఒంటికి తాకే ప్రతిదీ వాళ్లకు గట్టిగా తెలుస్తుంది. గౌను వెనక లేబులు గుచ్చుకుంటుందని ఏడ్చే పిల్లలు కూడా వీళ్లే. లేబులు కత్తిరించేయండి, సాక్సు కుట్టు వేళ్ల మీద లేకుండా సర్దండి.

రెండు జడలకు పాపాయిని రెండుసార్లు ఊపిరి బిగబట్టమనొద్దు. అద్దం చేతికిచ్చి, రిబ్బన్లు పట్టుకునే పని తనకే అప్పగించండి. "ఈ జడకు ఒక కథ, ఆ జడకు ఒక కథ" అన్న ఒప్పందం బాగా నడుస్తుంది. నాన్నలూ జడ వేయడం నేర్చుకోవాలి, మూడు పాయలే కదా. పేలు పడితే పిల్లను తిట్టి లాభం లేదు, స్కూల్లో ఒకరి నుంచి ఒకరికి పాకేవే అవి. తడి జుట్టుకు కండిషనర్ పట్టించి పేన్ల దువ్వెనతో మూడు నాలుగు రోజులకోసారి రెండు వారాల పాటు దువ్వండి. ఇవేవీ వద్దనుకుంటే జుట్టు భుజాల పైకి కత్తిరించేయడం తప్పేం కాదు. పొడుగు జడ కోసం రోజూ ఏడిపించే కంటే అదే మేలని నా అభిప్రాయం. ఎండాకాలంలో గుండు చేయించే అలవాటు ఉన్న ఇళ్లకు ఆ కాసిన్ని నెలలు పండగే.

బట్టల దగ్గర, టిఫిన్ దగ్గర రెండే దారులు చూపండి. "ఏం వేసుకుంటావు?" అంటే బీరువా మొత్తం కింద పడుతుంది. "పచ్చ గౌనా, నీలం గౌనా?" అంటే తేలిపోతుంది. రెండూ మీకు సమ్మతమైనవే అయి ఉండాలి.

పని మారే ముందు ఒక హెచ్చరిక ఇవ్వండి. "ఇంకో ఐదు నిమిషాలు" అన్నది ఈ వయసు పిల్లకు అర్థం కాదు. "ఇంకో మూడుసార్లు జారి రా, తర్వాత ఇంటికి" అంటే లెక్క తనకే తెలుస్తుంది. మూడోసారి అయ్యాక కదలాల్సిందే. అక్కడ నాలుగోది ఇస్తే రేపటి నుంచి ఆ లెక్క చెల్లదు.

బండి మీద దింపే నాన్నలకు ఒక మాట. 2022లో కేంద్రం మోటారు వాహనాల నియమాలను సవరించింది. దాని ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను టూ వీలర్ మీద తీసుకెళ్తే హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. గంతులేసే పిల్లను ట్యాంకు మీద నిలబెట్టి ట్రాఫిక్‌లో తిప్పడం చూస్తుంటే గుండె జారుతుంది.

4. తిండి

గిన్నె పట్టుకుని వీధంతా వెంటపడటం మానేయండి. తినే చోటు ఒకటి, టైము ఒకటి. ఏం పెట్టాలో మీ ఇష్టం, ఎంత తినాలో తన ఇష్టం. ఒక పూట తక్కువ తిన్న పిల్ల తర్వాతి పూట సర్దుకుంటుంది. అరగంట దాటితే ప్లేటు తీసేయండి, తిట్టకుండా తీసేయండి.

ఇలాంటి పిల్లకు చేతికి పని ఉంటే నోటికి ముద్ద వెళ్తుంది. సంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట తనచేతే చేయించి నెయ్యి పోయించండి. ఉగ్గాని చేసేటప్పుడు నానిన బొరుగులు (మరమరాలు) పిండే పని ఇవ్వండి. ఇల్లు కొంచెం చెత్తవుతుంది, అవనీ. పక్కన మిరపకాయ బజ్జి మాత్రం మీ ప్లేట్లోనే ఉంచుకోండి.

చెనిక్కాయల (వేరుశనగల) దగ్గర జాగ్రత్త గట్టిగా ఉండాలి. మా సీమలో ఈ బుడ్డలు లేని ఇల్లుండదు, డబ్బా ఎప్పుడూ అందుబాటులోనే ఉంటుంది. నాలుగేళ్ల లోపు పిల్లకు గింజలు గింజలుగా పెట్టకూడదు. పుట్నాలూ అంతే. ఎగురుతూ, నవ్వుతూ, ఏడుస్తూ తినే పిల్లకు అవి గొంతుకు అడ్డంపడి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. పొడి చేసి అన్నంలో కలపండి, ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి) కారం తగ్గించి చేయండి. అడ్డంపడి దగ్గు కూడా రాకపోతే పాపను ముందుకు వంచి రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా చరచండి. రాకపోతే వెనక నిలబడి, బొడ్డుకు కొంచెం పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కండి, ఈలోగా ఎవరైనా 108కి ఫోన్ చేయాలి. కనబడని దానికోసం నోట్లో వేలు పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతుంది. ఏడాది లోపు పసిపాప కూడా ఇంట్లో ఉంటే ఆ పద్ధతి వేరు, పొట్ట నొక్కకూడదు. అది నర్సు దగ్గర నేర్చుకోండి.

సాయంత్రం స్కూలు నుంచి రాగానే ప్రశ్నలు అడగొద్దు. "ఏం చెప్పారు, ఏం రాశావు, బాక్స్ ఎందుకు మిగిల్చావు" ఇవన్నీ తర్వాత. మొదట చెంబెడు నీళ్లు, ఒక అరటిపండో బొరుగులో. పొద్దుటి నుంచి క్లాసులో ఒళ్లు బిగపట్టి కూర్చున్న పిల్ల, మన దగ్గరికి రాగానే వదులవుతుంది. ఆ గంటలో వచ్చే ఏడుపు చాలావరకు ఆకలీ అలసటే.

5. ఒళ్లు అలిసేలా చూడండి, ఎండ చూసుకోండి

మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు మొత్తం 180 నిమిషాలు కదలాలని, అందులో 60 నిమిషాలు రొప్పొచ్చేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అదే చోట రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర ముందు గంటకు మించొద్దని, తక్కువైతే ఇంకా మంచిదని కూడా చెప్పింది. మూడు గంటలని భయపడొద్దు, గడుగ్గాయి పిల్లకు అది చాలదు కూడా. ఆ కదలికకు చోటివ్వకపోతే సోఫా మీద, తమ్ముడి మీద తీర్చుకుంటుంది.

కర్నూల్లో చిక్కల్లా ఎండ. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే మధ్యాహ్నానికే పిల్ల ఇంట్లో ఉంటుంది, జూన్ 12 చుట్టుపక్కల బడి తెరిచేదాకా ఇదే. పదకొండు నుంచి నాలుగు దాకా బయట పెట్టే ప్రసక్తే లేదు. కాబట్టి ఎండాకాలం టైం టేబుల్ తిరగేయాలి: పొద్దున ఆరింటికే గంటసేపు సైకిలో పరుగో, మధ్యాహ్నం నిద్ర లేదా నీడపట్టు ఆట, సాయంత్రం ఐదున్నర తర్వాత మళ్లీ బయట. మిద్దె మీదికి పంపితే చెప్పులు వేయండి, పొద్దుగుంకినా నేల సలసలా ఉంటుంది.

నీడపట్టున చేయించేవి బరువు పనులై ఉండాలి. చిన్న చెంబుతో నీళ్లు మోసి మొక్కలకు పోయడం, తడిగుడ్డతో వరండా తుడవడం, దిండ్లు ఒక గదిలోంచి ఇంకో గదికి చేరవేయడం, జొన్నరొట్టె పిండిలో ఒక ముద్ద చల్లారాక ఇస్తే పిసకడం. కూర్చోబెట్టి రంగులు వేయించే దానికన్నా ఇవి మా పిల్లను ఎక్కువ నెమ్మది చేస్తాయి. అడిగినప్పుడల్లా కుండ నీళ్లివ్వండి, ఆటలో పడి అడగకపోయినా ఇవ్వండి. విరేచనాలో వాంతులో అయితే ఓఆర్ఎస్ పొట్లం మొత్తం, దాని మీద రాసినన్ని నీళ్లలో (పెద్ద పొట్లమైతే ఒక లీటరు) కలపాలి. గ్లాసుకు కొంచెం కొంచెం వేస్తే పాళ్లు తప్పుతాయి. కలిపింది ఒక్క రోజే వాడాలి.

ఆదివారం ఎండ చల్లబడ్డాక తుంగభద్ర ఒడ్డుకు వెళ్లొచ్చు, చెయ్యి వదలకుండా. నీళ్లు తగ్గి ఇసుక తేలినా మధ్యమధ్య గుంతలుంటాయి. ఎక్కడం, దూకడం ఇష్టమైన పిల్లకైతే నంద్యాల దారిలో ఓర్వకల్లు రాళ్లు స్వర్గం. చలికాలంలో పొద్దున్నే వెళ్తే బాగుంటుంది.

6. పేలినప్పుడు

కొండారెడ్డి బురుజు దగ్గరి బజార్లో, నలుగురి మధ్య, బొమ్మ కొనలేదని నేల మీద పడి దొర్లుతోంది అనుకోండి. వరసగా ఇవి చేయండి.

చుట్టూ చూసి, తగిలేవి, బండ్లు వచ్చే చోటు నుంచి పక్కకు తీసుకెళ్లండి. కిందికి కూర్చోండి, తన కంటి ఎత్తుకు. ఒక్క వాక్యం చెప్పండి: "బొమ్మ కావాలి, దొరకలేదని కోపమొచ్చింది." తర్వాత నోరు మూసుకోండి. ఏడుపు ముదిరినప్పుడు ఏ నీతీ లోపలికి వెళ్లదు, మాట పెంచితే ఏడుపూ పెరుగుతుంది. కొట్టినా తన్నినా చెయ్యి మెత్తగా పట్టుకుని "కొట్టనివ్వను" అనండి. మనం తిరిగి కొడితే పెద్దవాళ్లు కొట్టొచ్చన్న పాఠం మిగులుతుంది. ఏడుపు తగ్గాక నీళ్లివ్వండి, ఎత్తుకోండి. బొమ్మ మాత్రం కొనొద్దు. కొనాలనుకుంటే ఏడవక ముందే కొనుండాల్సింది. దారిన పోయేవాళ్లు చెప్పే సలహాలకు తల ఊపితే చాలు.

"పోలీసులకు పట్టిస్తా", "సూది వేయిస్తా" అని బెదిరించడం ఈ రోజే ఆపండి. ఏ తిరునాళ్లలోనో తప్పిపోతే పాప ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఖాకీ బట్టలు చూసి దాక్కునే పిల్లను వెతకడం కష్టం. నాలుగేళ్లు దాటాక అమ్మానాన్నల పేర్లు, ఒక ఫోన్ నంబరు పాటలా నేర్పండి. పిల్లలకు సాయం చేసే నంబరు 1098 పెద్దవాళ్లు గుర్తుంచుకోండి.

స్కూలు నుంచి "మీ పాప కుదురుగా కూర్చోదు" అని కబురొస్తే పాప ముందు తలవంచుకోవద్దు. టీచరమ్మను విడిగా కలిసి, చాక్‌పీసులు తేవడం, పుస్తకాలు పంచడం లాంటి పనులు ఇవ్వమని అడగండి. చెయ్యి చేసుకుంటున్నారని తెలిస్తే మాత్రం మెతకగా ఉండొద్దు, 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

7. చుట్టాల మధ్య

పెళ్లిలో గుచ్చుకునే నెట్ ఫ్రాక్ బదులు నూలు పావడా వేయండి. బయల్దేరే ముందు కడుపు నింపండి, పంక్తి ఎప్పుడు లేస్తుందో ఎవరికీ తెలియదు. మామయ్యకు ముద్దు పెట్టు, చిన్నమ్మ ఒళ్లో కూర్చో అని బలవంతపెట్టొద్దు. ఇష్టం లేదంటే దండం పెట్టిస్తే మర్యాద తీరింది. తన ఒంటి మీద తన మాటే చెల్లుతుందని ఈ వయసులో తెలిసిన పిల్లకు, రేపు ఎవరైనా తప్పుగా తాకితే "వద్దు" అనే గొంతు ఉంటుంది. ఆ గొంతును "పెద్దవాళ్లకు ఎదురు చెప్తావా" అని మనమే నొక్కేస్తే ఎలా?

8. రాత్రి

మూడు నుంచి ఐదేళ్ల పిల్లకు పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటలు, ఆరు దాటాక 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలి. పొద్దున ఆరున్నరకు లేవాలంటే రాత్రి తొమ్మిదికల్లా పడుకోవాలి. సీరియళ్లు పదిన్నర దాకా నడిచే ఇంట్లో ఇది కష్టమే. టీవీ మూయించలేకపోతే సౌండ్ తగ్గించి, పాపను వేరే గదిలో పడుకోబెట్టండి. నిద్ర చాలని పిల్ల తూలదు, రెట్టింపు ఎగురుతుంది. అందుకే "దీనికి నిద్రే రాదు" అని పొరబడతాం.

పడుకునే ముందు గంట నుంచి ఫోన్ లేదు. స్నానం, నూనె, జడ, మంచినీళ్లు, కథ, లైటు, రోజూ ఇదే వరస. కరెంటు పోతే మిద్దె మీద చాప వేసుకుని ఇదే వరస అక్కడ నడిపించండి. కథ కొత్తదే కానక్కర్లేదు, విన్నదే వినాలని వాళ్లే అడుగుతారు.

9. డాక్టరుకు ఎప్పుడు చూపించాలి

చురుకు జబ్బు కాదు. కానీ పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, వచ్చిన మాటలు పోవడం, తలను గోడకు బాదుకోవడం, నిద్రలో రోజూ గురక, ఇంట్లోనూ బడిలోనూ రెండుచోట్లా నెలల తరబడి ఏ పనిలోనూ నిలవలేకపోవడం ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, అవసరమైతే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. అంగన్‌వాడీ టీచరునో ఆశా కార్యకర్తనో అడిగితే దారి చెప్తారు. ప్రైవేటు ఫీజులకు వెనకాడి నెలలు జరపొద్దు.